‘కమ్యూనికేషన్ మెరుగుపరచుకోవాలి’ అన్న మాట వెనక ఏముంది?

అమెరికాలో నేను మేనేజర్‌గా ఉన్న రోజుల్లో ఒక ఏడాది రివ్యూలో మా పైఅధికారి ఇలా రాశారు: పని బాగుంది, టీమ్ బాగుంది, కమ్యూనికేషన్ మాత్రం మెరుగుపడాలి. ఎక్కడ తేడా వచ్చిందో ఒక్క ఉదాహరణ చెప్పమని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, ప్రత్యేకంగా ఏదీ గుర్తు రావడం లేదు, మొత్తం మీద అలా అనిపిస్తోంది అన్నారు. మరుసటి ఏడాది నేను ప్రతి మీటింగ్‌లో పనిగట్టుకుని మాట్లాడాను. ఆ ఏడాది రివ్యూలో, కొంచెం దూకుడు తగ్గించుకుంటే బాగుంటుందని వచ్చింది. రెండూ రాసింది ఒకే మనిషి. మంచి మనిషే, నామీద ఆయనకు ఏ కోపమూ లేదు. అందుకే ఆ రెండు మాటలు నన్ను చాలాకాలం వదల్లేదు.

మా పక్క విభాగంలో డైరెక్టర్‌గా ఒక నల్లజాతి మహిళ ఉండేవారు. ఓ రోజు భోజనాల దగ్గర ఆవిడకు ఈ సంగతి చెప్పాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. ఇరవై ఏళ్లుగా తనకు వస్తున్న ఫీడ్‌బ్యాక్ దీనికి తలకిందులుగా ఉంటుందని చెప్పారు. నన్ను గొంతు పెంచమన్నారు, ఆవిడను తగ్గించమన్నారు. ఇద్దరి కాగితాల మీదా రాసిన పదం మాత్రం ఒకటే, కమ్యూనికేషన్.

ఆ ఒక్క పదం కింద కలగలిసిపోయిన సంగతులను విడదీసి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అమెరికాలో టీమ్‌లు నడిపే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. హైదరాబాద్‌లో కూర్చుని రాత్రి కాల్స్‌లో అక్కడి బాసులతో మాట్లాడే లీడ్‌లు, మేనేజర్లు ఇంకా ఎక్కువ. ఈ మాట వినని వాళ్లు వీళ్లలో తక్కువే ఉంటారు. విన్న వెంటనే తప్పంతా మనదే అనుకుని ఒక కోర్సో, ఒక కోచ్‌నో వెతుక్కుంటాం. కానీ మాటకు రెండు కొసలుంటాయి. ఒకటి చెప్పేవాళ్ల దగ్గర, ఒకటి వినేవాళ్ల దగ్గర. రివ్యూ కాగితంలో రెండో కొస గురించి ఎవరూ రాయరు.

ముందు, నన్నూ ఆవిడనూ ఒకే గుంపులో చేర్చే పేరు సంగతి. తెల్లజాతివారు కాని అందరినీ కలిపి అమెరికాలో ‘పీపుల్ ఆఫ్ కలర్’ అంటారు. నల్లజాతివారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవారు), ఆసియా మూలాలున్నవారు, అక్కడి మూలవాసులు అందరూ ఇందులోకే వస్తారు. రాజకీయంగా ఆ పేరుకు ఉపయోగం ఉంది. ఆఫీసులో మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది అసలు సంగతిని కొంత కప్పేస్తుంది. ఎందుకంటే ఒక్కో గుంపు గురించి ఎదుటివారి మనసులో ముందే ఒక్కో బొమ్మ గీసి ఉంటుంది. నల్లజాతి మహిళ అనగానే కోపం ఎక్కువ అనే బొమ్మ. ఆసియా మనిషి అనగానే లెక్కలు వచ్చు గానీ నోరు లేదు అనే బొమ్మ. ఆ బొమ్మలు వేరు కాబట్టే నాకూ ఆవిడకూ వచ్చిన సలహాలు అంత వేరుగా ఉన్నాయి.

అన్ని గుంపులకూ ఉమ్మడిగా ఉన్న అడ్డంకి ఒకటుంది. యాష్లీ షెల్బీ రోసెట్, జెఫ్రీ లియోనార్డెల్లి, క్యాథరిన్ ఫిలిప్స్ అనే పరిశోధకులు 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక కల్పిత కంపెనీ గురించి చదివించి, అందులోని వ్యక్తి ఏ జాతివాడై ఉంటాడో ఊహించమన్నారు. ఆ వ్యక్తిని మామూలు ఉద్యోగిగా పరిచయం చేసినప్పటి కంటే నాయకుడిగా పరిచయం చేసినప్పుడు తెల్లజాతివాడే అయి ఉంటాడని ఎక్కువమంది అనుకున్నారు. ఆ కంపెనీలో ఏ జాతివారు ఎంతమంది ఉన్నారో ముందే చెప్పినా ఈ ఊహ మారలేదు. అంటే నాయకుడు అనగానే మనసులో మెదిలే రూపం ముందే తయారై ఉంది. ఆ రూపానికి దగ్గరగా ఉన్నవాళ్లు నోరు విప్పగానే నాయకుడి మాటలా వినిపిస్తుంది. దూరంగా ఉన్నవాళ్లు అదే మాట అంటే, ఏదో తక్కువైందనిపిస్తుంది. ఆ తక్కువైనదేమిటో చెప్పలేనప్పుడు వాడే మాటే ‘ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్’. నా పైఅధికారికి ఉదాహరణ గుర్తు రాకపోవడానికి కారణం ఇదేనని నేను నమ్ముతున్నాను. ఆయన నా మాటను ఏదో ఒక సంఘటనతో కొలవలేదు. తన మనసులో ఉన్న రూపంతో కొలిచారు.

యాస దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. యాస గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సింది లేదు. శ్రీకాకుళం మాటను, తెలంగాణ మాటను మన సినిమాలు దశాబ్దాల పాటు నవ్వించే పాత్రలకో, రౌడీ పాత్రలకో కేటాయించాయి. ఇంట్లో ‘ఏం చేస్తున్రు’ అని, ఇంటర్వ్యూ గదిలోకి వెళ్లగానే ‘ఏం చేస్తున్నారు’ అని గొంతు మార్చుకున్నవాళ్లు ఎందరో. చెప్పే విషయంలో తేడా ఏమీ లేకపోయినా, ఏ యాసలో చెప్పారన్నదాన్ని బట్టి తెలివిని అంచనా కట్టడం మనం చూశాం, మనమూ చేశాం. అమెరికా ఆఫీసులో మన ఇంగ్లిష్‌కు జరిగేదీ అదే.

జార్జియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ రూబిన్ చేసిన ఒక ప్రయోగం 1992లో వెలువడింది. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న ఒక అమెరికన్ గొంతుతో చిన్న పాఠం రికార్డు చేశారు. విద్యార్థుల్లో కొందరికి ఆ గొంతు వినిపిస్తూ తెల్లజాతి మహిళ ఫొటో చూపించారు, కొందరికి ఆసియా మహిళ ఫొటో చూపించారు. గొంతు ఒక్కటే. అయినా ఆసియా ఫొటో చూసినవాళ్లు విదేశీ యాస వినిపించిందన్నారు. అంతకన్నా గట్టి సంగతి ఏమిటంటే, పాఠం ఎంత అర్థమైందో పరీక్షిస్తే వాళ్లకు మార్కులు కూడా తగ్గాయి. లేని యాస వాళ్ల చెవిలో పుట్టింది, దాంతో పాఠం కూడా అర్థం కాకుండా పోయింది. ఇలాంటి చోట మాట్లాడేవాళ్లు ఎన్ని ఉచ్చారణ తరగతులకు వెళ్లినా ఆ మార్కులు పెరగవు.

నమ్మకం సంగతి ఇంకొకటి. షికాగో విశ్వవిద్యాలయంలో షిరీ లెవ్-అరి, బోవజ్ కీసర్ 2010లో చూపింది ఇది: ఒకే చిన్న వాస్తవాన్ని విదేశీ యాసతో చెబితే వినేవాళ్లు తక్కువగా నమ్ముతారు. ఆ వాక్యం తాము రాసిచ్చిందేనని, మాట్లాడేవాళ్లు చదివి వినిపిస్తున్నారంతేనని పరిశోధకులు చెప్పినా నమ్మకం తగ్గింది. వాళ్ల వివరణ నాకు నచ్చింది, ఎందుకంటే అది ఎవరినీ దుర్మార్గులను చేయదు. కొత్త యాసను పట్టుకోవడానికి మెదడు కొంచెం ఎక్కువ కష్టపడాలి. ఆ కష్టం తన చెవిదని వినేవాళ్లు గుర్తించరు, చెప్పిన విషయమే అనుమానంగా ఉందనుకుంటారు. విదేశీ యాసతో క్వార్టర్ లెక్కలు చెప్పే డైరెక్టర్‌కు ఇది ఎంత నష్టమో ఆలోచించండి. ఆ అంకెలను రెండోసారి సరిచూసుకుని రమ్మని ఆమెనే ఎందుకు అడుగుతారో ఆమెకు అర్థం కాదు. అడిగినవాళ్లకూ అర్థం కాదు.

లారా హువాంగ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం మరో మెట్టు పైకి వెళ్లింది. ఇంగ్లిష్ మాతృభాష కానివారి యాస ఉన్న అభ్యర్థులను మేనేజర్ ఉద్యోగాలకు తక్కువగా సిఫార్సు చేశారు. ఎందుకని చూస్తే, మాట అర్థం కాకపోవడం కారణం కాదని తేలింది. ఆ మనిషికి లోపలి రాజకీయం తెలియదు, నలుగురినీ తన వైపు తిప్పుకోలేడు అన్న అనుమానమే అడ్డుపడింది. మాట అర్థం కాలేదంటే వెంటనే తేల్చుకోవచ్చు. నలుగురినీ ఒప్పించలేడు అన్న అనుమానాన్ని కాదని నిరూపించడం ఎలా?

కోర్టులు కూడా ఈ ముడిని విప్పలేకపోయాయి. 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతీయ మూలం ఆధారంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదంటుంది. మాన్యుయెల్ ఫ్రగాంటే అనే ఫిలిప్పీన్స్ వ్యక్తి హోనొలులులో వాహనాల రిజిస్ట్రేషన్ కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగానికి రాతపరీక్ష రాశారు. 721 మందిలో ఆయనకే అందరికంటే ఎక్కువ మార్కులు. యాస కారణంగా ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన కేసు వేశారు. జనంతో మాట్లాడే పని కాబట్టి స్పష్టంగా మాట్లాడగలగడం అవసరమేనని అప్పీలు కోర్టు 1989లో ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. స్పష్టత నిజంగా అవసరమా అన్నది న్యాయమైన ప్రశ్నే. ఎవరి చెవికి స్పష్టంగా ఉండాలి అన్నది కూడా అంతే న్యాయమైన ప్రశ్న. వలస వచ్చినవాళ్లతో నిండిన నగరం అది.

ఇంతవరకు వినేవాళ్ల గురించే చెప్పాను. మన వైపు నేర్చుకోవాల్సింది లేదని చెబితే అబద్ధమవుతుంది. మీటింగ్‌లో చెయ్యెత్తి ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటాం. మన లెక్కలో అది ప్రశ్న. అమెరికన్ చెవికి అది, మీరు చెప్పింది నేను నమ్మడం లేదు అన్నట్టు ఉంటుంది. ‘రివర్ట్’ అంటే మనకు జవాబివ్వడం, వాళ్లకు చేసిన మార్పును వెనక్కి తీసేయడం. సాఫ్ట్‌వేర్ పనిలో ఈ రెండో అర్థం ఎంత గందరగోళం తెస్తుందో చెప్పక్కర్లేదు. ‘ప్రీపోన్’ అనే మాట అక్కడ చాలామంది విని ఉండరు. తెలుగులో అక్షరాలన్నీ దాదాపు సమానమైన బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక్కో మాటలో ఒక్క చోట ఒత్తు పడుతుంది. ‘కాంపొనెంట్’ అని మొదట ఒత్తి పలికితే, రెండో చోట ఒత్తు కోసం ఎదురుచూస్తున్న చెవి ఆ మాటను జారవిడుచుకుంటుంది. ఇవి ఎవరైనా కూర్చుని ఓపికగా చెబితే నెల రోజుల్లో సరిదిద్దుకోగల విషయాలు. పదేళ్ల ఉద్యోగంలో నాకు వీటిలో ఒక్కటి కూడా ఎవరూ చెప్పలేదు. ‘కమ్యూనికేషన్’ అని మాత్రం చెప్పారు.

ఇంకా లోతైనది మన సూటిగా చెప్పకపోవడం. ‘చూద్దాం లెండి’ అన్నారంటే అది కాదనడమేనని తెలుగు ఇంట్లో పదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ‘ట్రై చేస్తానండి’ అంటే ఆశ పెట్టుకోవద్దని. ‘మీ ఇష్టం’ అన్న మాట పలికిన తీరును బట్టి ఒప్పుకోలూ కావచ్చు, అలకా కావచ్చు. ఎడ్వర్డ్ హాల్ అనే మానవశాస్త్రవేత్త 1970లలో సంస్కృతులను ఈ కోణంలోనే చూశాడు. కొన్నిచోట్ల అర్థంలో ఎక్కువ భాగం సందర్భంలో ఉంటుంది, కొన్నిచోట్ల పైకి అన్న మాటలోనే ఉంటుంది. మనది మొదటి రకం, అమెరికా ఆఫీసు రెండో రకం. వైస్ ప్రెసిడెంట్ అసాధ్యమైన తేదీ చెప్పినప్పుడు మన మేనేజర్ ‘ఇట్ విల్ బి చాలెంజింగ్’ అంటాడు. తన లెక్కలో అతను కాదని చెప్పేశాడు. ఆయన లెక్కలో ఇతను ఒప్పుకున్నాడు. తేదీ తప్పాక మాట తప్పినవాడు మేనేజరే అవుతాడు.

అయితే దీన్ని పూర్తిగా సంస్కృతి ఖాతాలో రాయడం కూడా సరికాదు. హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి దొరికేది 60 రోజులు. భారతదేశంలో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది. పిల్లలు బడికి వెళ్తుంటారు, ఇంటి అప్పు నడుస్తుంటుంది. అలాంటి మనిషి పైవాడి ముఖం మీద ‘ఇది కుదరదు’ అనడానికి వెనకాడితే, అది తెలుగు మర్యాదా, వీసా టెన్షనా? గ్రీన్‌కార్డు వచ్చిన మరుసటి వారం నుంచే గొంతు మారిన స్నేహితులు నాకు తెలుసు. వాళ్ల సంస్కృతి ఆ వారంలో మారలేదు.

మనవాళ్లు పైకి రాలేదా, సత్య నాదెళ్ల లేరా అని ఇక్కడ తప్పకుండా అడుగుతారు. ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు అందుకున్నారు. అదే నగరంలో పుట్టిన శంతను నారాయణ్ 2007 నుంచి అడోబీని నడిపారు. ఆంధ్రలో పుట్టిన అరవింద్ కృష్ణ 2020లో ఐబీఎం సీఈఓ అయ్యారు. ఎంఐటీకి చెందిన జాక్సన్ లూ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్ననే పట్టుకుంది. అమెరికాలో చైనా, జపాన్, కొరియా మూలాల వాళ్ల కంటే దక్షిణాసియా వాళ్లు నాయకత్వంలోకి ఎక్కువగా వస్తున్నారు. దక్షిణాసియా వాళ్ల మీద వివక్ష తక్కువేమీ కాదని కూడా వాళ్ల పరిశీలనలో తేలింది. తేడాకు వాళ్లు చూపిన ముఖ్య కారణం, మీటింగ్‌లో వాదించడం, తన అభిప్రాయం మీద గట్టిగా నిలబడటం. తూర్పు ఆసియా సంస్కృతుల్లో వినయానికీ సామరస్యానికీ ఇచ్చే విలువను అక్కడి ఆఫీసు ఆసక్తి లేకపోవడంగా చదువుతోంది.

ఇది మనం గర్వపడాల్సిన కథగా చాలామంది పంచుకున్నారు. నాకు అలా అనిపించలేదు. నిశ్శబ్దంగా ఉన్న మంచి నాయకుడిని గుర్తించలేకపోవడం ఆ ఆఫీసుల లోపం. అక్కడ మనవాళ్లు నెగ్గుకొచ్చారంటే, ఆ ఆఫీసులు మెచ్చే ఒక పద్ధతికి మనం దగ్గరగా ఉన్నామని అర్థం. పైగా శిఖరం మీద ఉన్న నలుగురిని చూసి మెట్ల మీద ఆగిపోయినవాళ్లను మరచిపోతాం. అమెరికాలో ఆసియా మూలాలున్న ఉద్యోగుల సంస్థ అసెండ్ 2015లో గూగుల్, హెచ్‌పీ, ఇంటెల్, లింక్డిన్, యాహూల లెక్కలు తీసింది. నిపుణుల స్థాయి ఉద్యోగుల్లో ఆసియా మూలాలవాళ్లు దాదాపు 27 శాతం, మేనేజర్లలో 19 శాతం, పై అధికారుల్లో 14 శాతం. ఇది అందరు ఆసియన్లనూ కలిపిన లెక్క. చదువుకు, నైపుణ్యానికి కొరత లేని చోటే సంఖ్య సగానికి పడిపోతోంది.

నాదెళ్ల విషయంలోనే నాకు ఎప్పుడూ గుర్తొచ్చే సంఘటన ఒకటుంది. సీఈఓ అయిన ఏడాదే, 2014 అక్టోబరులో, కంప్యూటర్ రంగంలోని మహిళల సదస్సులో ఆయన్ను ఒక ప్రశ్న అడిగారు. జీతం పెంచమని అడగడానికి ఇబ్బందిపడే మహిళలకు ఏం చెబుతారని. అడగక్కర్లేదు, వ్యవస్థ తగిన ప్రతిఫలం ఇస్తుందని నమ్మాలి, అడగకపోవడం మంచి కర్మే అన్న అర్థంలో ఆయన జవాబిచ్చారు. తీవ్ర విమర్శ వచ్చింది. ఆ జవాబు పూర్తిగా తప్పని ఆయనే అదే రోజు ఉద్యోగులకు రాశారు. ఆ మాట నాకు పరాయిగా అనిపించలేదు. పని చేసుకుంటూ పో, పేరు అదే వస్తుంది అని మా నాన్న కూడా చెప్పేవారు. ఆ నమ్మకం పనిచేయాలంటే నీ పనిని చూసే కళ్లు నిన్ను సమానంగా చూడాలి. చూడని చోట అడగకపోవడం వల్ల నష్టపోయేది అడగనివాళ్లే.

ఇప్పుడు ఆ పక్క విభాగం డైరెక్టర్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆవిడ కథ మన కథకంటే బరువైనది. డాఫ్నా మోట్రో బృందం 2022లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పనిలో నల్లజాతి మహిళ కోపం చూపితే ఆ కోపానికి కారణం ఆమె స్వభావమేనని చూసేవాళ్లు అనుకునే అవకాశం ఎక్కువ. మరొకరు కోప్పడితే ఏం జరిగిందని అడుగుతారు. ఆమె కోప్పడితే ఆమె అంతే అంటారు. దాంతో ఆమె నాయకత్వ సామర్థ్యం మీద కూడా అంచనా పడిపోతుంది.

ఇక్కడ సులువైన సూత్రం దొరకదు. రాబర్ట్ లివింగ్‌స్టన్, రోసెట్, ఎల్లా వాషింగ్టన్ 2012లో చేసిన అధ్యయనంలో ఎవరూ ఊహించనిది బయటపడింది. పని సరిగా చేయని కిందివాళ్లతో అధికారంగా మాట్లాడినందుకు తెల్లజాతి మహిళా నాయకులకూ, నల్లజాతి పురుష నాయకులకూ మార్కులు తగ్గాయి. నల్లజాతి మహిళా నాయకులకు తగ్గలేదు. అంటే ఆవిడ గట్టిగా మాట్లాడవచ్చు అనుకోవాలా? అదే రోసెట్, లివింగ్‌స్టన్ అదే ఏడాది మరో అధ్యయనంలో చూపినది, సంస్థ దెబ్బతిన్నప్పుడు నల్లజాతి మహిళా నాయకురాలిని మిగతావాళ్లందరికంటే కఠినంగా తప్పుపడతారని. గెలిచినంతకాలం గట్టి మాట చెల్లుతుంది, ఓడిన రోజు పాత బాకీలన్నీ వసూలవుతాయి. ఇక నల్లజాతి పురుషుల విషయంలో, లివింగ్‌స్టన్, నికొలస్ పియర్స్ 2009లో పెద్ద కంపెనీల సీఈఓల ముఖాలు పరిశీలించి, నల్లజాతి సీఈఓల ముఖాలు పసితనంతో మెత్తగా కనిపించేవిగా ఉన్నాయని గుర్తించారు. ఎదుటివారికి భయం కలిగించని ముఖం ఉండటం వాళ్లకు ఎదుగుదలలో కలిసొచ్చింది. ముఖం మెత్తగా లేనివాళ్లు ఆ మెత్తదనాన్ని గొంతులో, నవ్వులో, ఒడ్డూ పొడుగూ కప్పిపుచ్చుకునే తీరులో తెచ్చిపెట్టుకోవాలి. రోజంతా.

భాషాశాస్త్రంలో దీనికి ‘కోడ్ స్విచింగ్’ అని పేరు. ఇంట్లో ఒక మాట, ఆఫీసులో ఒక మాట. మనమందరం కొంత చేస్తాం. కానీ పొరపాటున ఇంటి మాట జారితే ఉద్యోగమే అనుమానంలో పడుతుందన్న భయంతో చేయడం వేరు. ఆ కాపలాకు మనసులో ఒక భాగం ఎప్పుడూ మేలుకునే ఉండాలి. మీటింగ్‌లో మిగతావాళ్లు విషయం గురించే ఆలోచిస్తుంటే వీళ్లు విషయంతో పాటు తమ గొంతు గురించీ ఆలోచిస్తుంటారు.

మరి ఉర్సులా బర్న్స్ ఎలా నెగ్గారు? ఫార్చ్యూన్ 500 కంపెనీకి సీఈఓ అయిన తొలి నల్లజాతి మహిళ ఆమె, 2009లో జిరాక్స్‌లో. న్యూయార్క్‌లో పేదల ప్రభుత్వ గృహాల్లో పెరిగారు, 1980లో జిరాక్స్‌లో ఇంటర్న్‌గా చేరారు. ముక్కుసూటి మనిషిగా పేరు. 1990ల మొదట్లో ఒక సమావేశంలో కంపెనీ అధ్యక్షుడు పాల్ అలెయిర్‌ను ఆమె అడిగిన ప్రశ్న చాలాచోట్ల రాశారు. కొత్త నియామకాలు వద్దని మీరు ప్రతిసారీ అంటారు, ప్రతిసారీ వెయ్యిమంది చేరుతున్నారు, మరి వద్దని ఎవరంటే నిజంగా ఆగుతుంది అని. గది నిశ్శబ్దమైంది. తర్వాత ఆయన పిలిపించి ఆమెను తన దగ్గర సహాయకురాలిగా పెట్టుకున్నారు. ఈ కథను ధైర్యంగా మాట్లాడితే ఎదుగుతారని చెప్పడానికి వాడుతుంటారు. నాకు ఇందులో కనిపించేది అలెయిర్ చెవి. అదే ప్రశ్న మరో గదిలో, మరో అధ్యక్షుడి ముందు అడిగి ఉంటే రివ్యూలో ఏం రాసేవారో ఊహించడం కష్టం కాదు.

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, తక్కువమంది మాట్లాడేది ఒకటుంది. తెల్లజాతివారు కానివాళ్లు చెప్పేది ఎలా వినపడుతోందన్నది ఒక సంగతి. వీళ్లకు ఏం చెబుతున్నారన్నది ఇంకో సంగతి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో పనిచేసిన డేవిడ్ థామస్, తెల్లజాతి మెంటర్లు నల్లజాతి ఉద్యోగులతో ఎలా మెలుగుతారో ఏళ్ల తరబడి పరిశీలించారు. లోపం కనిపించినా చెప్పడానికి వెనకాడతారు, జాతి గురించి అపార్థం వస్తుందేమోనని. 2001లో రాసినప్పుడు ఆయన ఈ సంకోచానికి పేరు కూడా పెట్టారు. కెంట్ హార్బర్ 1998లో చేసిన ప్రయోగం ఇదే చూపింది. నాసిరకం వ్యాసం ఒకటి తెల్లజాతి విద్యార్థులకిచ్చి అభిప్రాయం రాయమన్నారు. రాసింది నల్లజాతి విద్యార్థి అనుకున్నప్పుడు వాళ్లు మెత్తగా, పొగుడుతూ రాశారు.

పైకి ఇది దయలా కనిపిస్తుంది. జరిగేది మాత్రం ఇది: తెల్లజాతి సహోద్యోగికి ముప్పై ఏళ్ల వయసులోనే ‘నీ మూడో స్లైడ్ ఎవరికీ అర్థం కాలేదు’ అని చెప్పేస్తారు. అతను దిద్దుకుంటాడు. ఇంకొకరికి ‘బాగుంది’ అంటారు. పదేళ్ల తర్వాత వైస్ ప్రెసిడెంట్ పదవి దగ్గర, తలుపులు మూసిన గదిలో, ‘ఇంకా సిద్ధంగా లేరు’ అంటారు. ఆ పదేళ్లలో ఒక్కసారైనా నిజం చెప్పి ఉంటే సిద్ధంగా ఉండేవాళ్లే. నాకు ‘డౌట్’ అన్న మాట గురించి ఎవరూ చెప్పకపోవడం కూడా ఈ మొహమాటమేనని ఇప్పుడు అర్థమవుతోంది.

దీనికి మందు కూడా పరిశోధనల్లోనే ఉంది. జెఫ్రీ కోహెన్, క్లాడ్ స్టీల్, లీ రాస్ 1999లో చూపినది ఏమిటంటే, విమర్శతో పాటు రెండు మాటలు తోడైతే నల్లజాతి విద్యార్థులు దాన్ని నమ్మి దిద్దుకుంటారు. ఇక్కడ ప్రమాణం ఎత్తుగా ఉందన్నది ఒకటి, నువ్వు దాన్ని అందుకోగలవని నమ్ముతున్నాను అన్నది రెండు. ఉత్త పొగడ్త పనిచేయలేదు, ఉత్త విమర్శా పనిచేయలేదు. మన ఊళ్లలో మంచి మేష్టార్లు చేసినది ఇదే. ‘ఇది నువ్వు రాయాల్సినది కాదురా, మళ్లీ రాసుకురా’ అనే మాటలో విమర్శ, నమ్మకం రెండూ ఉన్నాయి.

జాతి గురించే నోరు విప్పాల్సి వస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. డేవిడ్ హెక్‌మన్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సంస్థలో అన్ని రకాల మనుషులూ ఉండాలని పనిచేసిన తెల్లజాతి పురుష అధికారులకు నష్టం లేదు. అదే చేసిన శ్వేతేతరులకూ మహిళలకూ పైవాళ్ల అంచనాలో మార్కులు తగ్గాయి. తమవాళ్లను ఎక్కించుకుంటున్నారన్న అనుమానం వస్తుంది కాబట్టి. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం ఫెడరల్ శాఖల్లో ఈ వైవిధ్య కార్యక్రమాలను ఆపేస్తూ ఉత్తర్వులిచ్చింది, చాలా ప్రైవేటు కంపెనీలూ వాటిని తగ్గించుకున్నాయి, కొన్ని పేరు మార్చుకున్నాయి. ఇంతకుముందు ఈ విషయం మాట్లాడటానికి కనీసం ఒక గది, ఒక సమయం ఉండేవి. ఆ గది కూడా లేనప్పుడు ఎవరు మాట్లాడతారో నాకు భయంగా ఉంది.

ఇంత చెప్పాక మన చెవి సంగతి దాటవేయలేను. టీమ్‌లో పదిమందిలో ఏడుగురు తెలుగువాళ్లైతే కాల్ మొదలయ్యే ముందు, ముగిసిన తర్వాత మాటలన్నీ తెలుగులోనే సాగుతాయి. నిర్ణయాలు అక్కడే సగం అయిపోతాయి. మిగతా ముగ్గురు ఆ గదిలో ఉన్నా లేనట్టే. మనలో మనకు ఇంటిపేరు అడగడం, ఊరు అడగడం, దాన్నిబట్టి కులం లెక్కకట్టడం సముద్రం దాటినా పోలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ఆ చట్టం అవసరం రావడం మనం సిగ్గుపడాల్సిన విషయం. ఒక చోట గొంతు వినపడనివాళ్లం మరో చోట వినిపించుకోనివాళ్లం కావచ్చు. రంగు ఒక్కటే మనల్ని మంచి శ్రోతలను చేయదు.

ఆచరణలో నేను చూసి మేలనుకున్నవి కొన్నే. ఒబామా వైట్‌హౌస్‌లోని మహిళా సిబ్బంది పాటించిన పద్ధతి గురించి 2016లో పత్రికల్లో వచ్చింది. ఒక మహిళ ముఖ్యమైన మాట చెబితే, ఇంకో మహిళ ఆమె పేరు చెప్పి మరీ ఆ మాటను తిరిగి అనేది. దాంతో ఆ మాట గాలిలో కలిసిపోయేది కాదు, ఇంకొకరి పేరు మీదకూ పోయేది కాదు. మా టీమ్‌లో ఇది మొదలుపెట్టాక తేడా నెలలో కనిపించింది. ఇక ‘కమ్యూనికేషన్’ అన్న మాట వచ్చినప్పుడు ఉదాహరణ అడగాలి. ఏ మీటింగ్, ఏ వాక్యం, దానివల్ల ఏం జరిగింది. చెప్పగలిగితే దిద్దుకోవాలి. చెప్పలేకపోతే, ఆ రాత్రి నిద్ర పోగొట్టుకోవాల్సిన అవసరం లేదు.

కొన్నేళ్ల తర్వాత రివ్యూలు రాసే వంతు నాది అయింది. మా టీమ్‌లో మెక్సికో మూలాలున్న ఒక లీడ్ ఉండేవాడు. పనిమంతుడు. అతని కాగితం మీద నేను కూడా, కమ్యూనికేషన్ మెరుగుపడాలి అని రాశాను. రాసిన తర్వాత చేయి ఆగింది. ఆ వాక్యం తీసేసి, నాకు ఇబ్బంది కలిగించిన సంఘటనేదో వెతికాను. మార్చి నెల రిలీజ్ మీటింగ్‌లో, తేదీ జరపాల్సి వస్తుందని అతను చివరి ఐదు నిమిషాల్లో చెప్పాడు, ముందే చెప్పి ఉంటే టెస్టింగ్ వాళ్లకు రెండు రోజులు మిగిలేవి. అదే రాశాను. మాట్లాడుకునే రోజు అతను అది చదివి, మొదట్లోనే రెండుసార్లు చెప్పబోయానని, రెండుసార్లూ నేను వేరేవాళ్ల వైపు తిరిగానని మెల్లగా చెప్పాడు. అతను వెళ్లాక మీటింగ్ రికార్డింగ్ తెరిచాను. ఆరో నిమిషంలో ఒకసారి, పధ్నాలుగో నిమిషంలో ఒకసారి, అతని గొంతు మొదలై ఆగిపోవడం వినిపించింది. రెండుసార్లూ దాని మీద మొదలైన గొంతు నాదే.